వర్లీన్ హాస్కెట్ అంచనా కాగితాలు

వర్లీన్ హాస్కెట్ గురించి మా ఊళ్లో ఎవర్నడిగినా మంచే చెబుతారు. చర్చిలో చెబుతారు, క్షవరం షాపులో చెబుతారు, ఆఖరికి నా భార్య నొవెల్లా కూడా చెబుతుంది. అందుకే నేనూ చెబుతానంటున్నాను. మెచ్చుకునేవాళ్లు మనిషిని సగమే చూస్తారు. కడుపుమంట ఉన్నవాడు గోరు ముక్క కూడా వదలకుండా చూస్తాడు. నేనామెను పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను.

నా పేరు డెల్బర్ట్ టీగ్. వెస్ట్ టెక్సాస్‌లోని మిడ్‌లాండ్‌లో ఒక మోస్తరు చమురు కంపెనీలో ఇరవై ఆరేళ్లు ఇంజినీరుగా చేశాను. బావి తవ్వకముందే దానికి ఎంతవుతుందో రాయడం నా పని. తవ్వే రిగ్గు అద్దె ఇంత, ఇనప గొట్టాలు ఇంత, సిమెంటు ఇంత, ఇసుకా నీళ్లూ ఇంత అని రెండు పేజీలు. దాన్ని అంచనా కాగితం అంటాం. బావి అంటే కంపెనీ ఒక్కదానిదే కాదు. ఎవరి తాతో కొన్న అర శాతం, ఎవరి మేనత్తో వదిలిపోయిన పావు శాతం, ఇలా పాతికమంది వాటాదార్లుంటారు. కాగితం వాళ్లందరికీ పోస్టులో వెళ్తుంది. ముప్పై రోజుల్లో సంతకం పెట్టి తమ వంతు ఖర్చుకి ఒప్పుకోవాలి, లేదా ఆ బావి మీద ఆశ వదులుకోవాలి. అందులో ఉన్న అంకె సరైనదో కాదో వాళ్లకి తెలిసే దారి లేదు. కంపెనీ రాసిందే వేదం.

వర్లీన్ మా ఆఫీసులో గుమాస్తా. నేను పెన్సిలుతో రాసిచ్చినవి టైపు చేసి, కవర్లకెక్కించి, నకళ్లు బీరువాలో దాచేది. పుట్టింది క్రేన్ అనే చిన్న ఊళ్లో. తండ్రి పంపరు, అంటే రోజూ తెల్లారకుండా లేచి నలభై బావులు తిరిగి, ఏ ట్యాంకులో ఎంత నూనె ఉందో కొలిచేవాడు. ఆయన కేకేసి చెబుతుంటే లారీలో కూర్చుని ఈమె రాసేదట, ఏడేళ్లప్పట్నించీ. మనకి చుట్టాల పేర్లు గుర్తున్నట్టు ఆమెకి అంకెలు గుర్తుంటాయి.

ఒకసారి కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది.

"టీగ్ గారూ, పోయిన ఫిబ్రవరిలో ఈ పక్క బావికి సిమెంటు లక్షా ఇరవై వేలు రాశారు. దీనికి లక్షా అరవై. సిమెంటు ధర పెరిగిందా, బావి లావెక్కిందా?"

"నువ్వు టైపు చెయ్యి వర్లీన్. బావి సంగతి నేను చూసుకుంటా."

ఆమె వెళ్లాక చూసుకున్నాను. తప్పు నాదే. మర్నాడు చడీచప్పుడు లేకుండా దిద్ది పంపాను. దిద్దానని ఆమెకి చెప్పలేదు. చెబితే నా సొమ్మేం పోయేది? ఏమో, పోతుందనిపించింది.

ఇక్కడొక మాట చెప్పాలి, ఎందుకంటే నా ఏడుపంతా దాని మీదే. పొద్దున్నే కాఫీ దగ్గర చేరినప్పుడు నేను తరచూ అనేవాణ్ణి: "ఈ అంచనా కాగితాలన్నీ ఎవడైనా పోగేసి పక్కపక్కన పెట్టాలయ్యా. ఏ కంపెనీ ఎంతకి తవ్వుతోందో గుట్టంతా బయటపడుతుంది. అలా చేసినవాడు మహారాజవుతాడు." అందరూ తలలూపేవాళ్లు. వర్లీన్ కప్పుల్లో కాఫీ పోస్తూ ఉండేది. నేను మర్నాడు మళ్లీ అనేవాణ్ణి.

రెండువేల పదహారులో నూనె ధర నేల కరిచింది. పీపా ఇరవై ఆరు డాలర్లు. మా కంపెనీ ఒకే శుక్రవారం పంతొమ్మిది మందిని ఇంటికి పంపింది. అందులో వర్లీన్ ఒకతె. యాభై ఎనిమిదేళ్ల వయసు. మొగుడు గార్లండ్‌ది క్షవరం షాపు. ఊళ్లో జనమే ఖాళీ అవుతుంటే క్షవరాలకెవరొస్తారు? నేను నొవెల్లా చేత పెకాన్ పై, అదే పెకాన్ పప్పుల మిఠాయి, చేయించి స్వయంగా పట్టుకెళ్లాను. ఆ రోజు వర్లీన్ మీద నాకు ఎక్కడలేని ప్రేమా పొంగింది. పడిపోయినవాళ్లంటే నాకెప్పుడూ ప్రేమే.

ఆమె మాత్రం ఎంతోకాలం పడి ఉండలేదు. ఎదురింట్లో ఓలెటా అని ఎనభై నాలుగేళ్ల ముసలావిడ ఉంది. ఒక రోజు కవరొకటి చేత్తో పట్టుకుని రోడ్డు దాటి వచ్చిందట.

"అమ్మాయ్, ఇది చూడవే. డెబ్భై తొమ్మిది లక్షల డాలర్ల బావట. నాది అర శాతం. ముప్పై తొమ్మిదివేల అయిదొందలు కట్టమంటున్నారు. ఇల్లమ్ముకోవాలా ఏంటి?"

వర్లీన్ కళ్లజోడు పెట్టుకుని చదివింది. "కాస్త ఆగండి పిన్నిగారూ. మా గార్లండ్ పెదనాన్నకి ఇదే కంపెనీ నుంచి కాగితమొచ్చింది. ఆ బావి దీనికి రెండు మైళ్లు. అది అరవై రెండు లక్షలే. తేడా ఎందుకో వాళ్లకి ఉత్తరం రాద్దాం. సంతకం మాత్రం అప్పుడే పెట్టకండి."

ఉత్తరం వెళ్లింది. పది రోజులకి కొత్త కాగితమొచ్చింది, అరవై నాలుగు లక్షలకి దించి. జరిగింది మా వృత్తిలో అందరం చేసే పనే. కొత్త బావికి కాగితం రాయాలంటే ఎవడూ మొదట్నించీ రాయడు. పాత బావి కాగితం తీసి పేరు మారుస్తాడు. ఆ పాతది ధరలు మండిపోయిన రోజుల్లోది. పేరు మారింది, ధరలు మారలేదు. ముసలావిడకి ఏడువేల అయిదొందలు మిగిలింది. ఆవిడ నోరు ఊరుకుంటుందా? ఆదివారం చర్చి భోజనాల దగ్గర వర్లీన్ పళ్లెం పక్కన పదకొండు కవర్లు చేరాయి.

అలా మొదలైంది. రహస్యమని రాసి ఉన్న కాగితాలు తీసుకునేది కాదు. మా ఆఫీసువి ఒక్కటి కూడా బయటపెట్టలేదు. అది నేను ఎంతో ఆశగా వెతికి మరీ తెలుసుకున్న సంగతి. వచ్చినవి మొదట చెప్పుల పెట్టెల్లో పెట్టింది. తర్వాత యాభై తొమ్మిదో ఏట కాలేజీకెళ్లి, మనవళ్ల ఈడు పిల్లల మధ్య కూర్చుని, కంప్యూటర్లో అవన్నీ ఎక్కించడం నేర్చుకుంది. కాగితం పంపినవాళ్లకి అన్నీ ఉచితంగా చూపిస్తుంది. పంపకుండా చూడాలనుకునే కంపెనీలు నెలనెలా చందా కట్టాలి.

అంతటితో ఆగి ఉంటే నేను ఓర్చుకునేవాణ్ణేమో. కాగితం పంపిన ప్రతివాళ్లకీ ఏడాది తర్వాత ఫోన్ చేస్తుంది: "బావి తవ్వడం అయిపోయింది కదండీ, చివరికి బిల్లెంతొచ్చింది?" అంచనా ఒక వరసలో, అసలు ఖర్చు పక్క వరసలో. ఏ ఇంజినీరు చేతికి ఎంత గురి ఉందో చిన్నపిల్లవాడికి కూడా తెలిసిపోతుంది. ఇరవై ఆరేళ్లలో ఆ రెండో వరస నా బుర్రకి తట్టలేదు. అంచనా రాసేశాక బావి ఏమైందో నేనెప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ సంస్థకి ఆమె పెట్టిన పేరు వింటే నా కడుపు ఎందుకు రగిలిందో మీకే తెలుస్తుంది. 'పక్కపక్కన'. నా మాట! నా నోట్లోంచి ఊడిపడిన మాట ఆమె ఆఫీసుగా మార్చుకున్న గారేజి తలుపు మీద నీలం రంగులో ఎక్కింది.

రెండువేల పదిహేడులో నన్నూ ఇంటికి పంపేశారు, చేతిలో జ్ఞాపికగా ఒక చెక్క ఫలకం పెట్టి. అప్పటికి వర్లీన్ దగ్గర నాలుగువేల బావులు. మా ఆఫీసులోనే ఉద్యోగాలు పోయిన ఇద్దరు ఆడవాళ్లని జీతానికి పెట్టుకుంది. కొత్త పికప్పు బండి కొంది, అదీ తెల్లది. హోటల్లో నేను రొట్టెల్లాంటి మెత్తటి బిస్కెట్లూ గ్రేవీ తింటుంటే, ఆమె లోపలికి రాగానే టోపీలు పెట్టుకున్న మగాళ్లు నలుగురు కుర్చీల్లోంచి లేచారు. నేను వెళ్తే ఒక్కడు లేవలేదు. ఇంటికెళ్లి నొవెల్లాతో అన్నాను:

"నా ఆలోచన ఎత్తుకుపోయింది, అందరూ దణ్ణాలు పెడుతున్నారు."

"ఆలోచన నీదైతే ఎవరు వద్దన్నారు, డెల్? మన గారేజి కూడా ఖాళీగానే ఉందిగా."

"నీకు అర్థం కాదులే."

"అర్థమయ్యే అంటున్నా. ఆ సాస్ ఇలా అందించు."

పద్దెనిమిదో ఏడు వసంతంలో ఇంకో కబురు విన్నాను. ఫోర్ట్‌వర్త్ నుంచి ఒక బ్యాంకు వర్లీన్ సంస్థకి చందా కట్టి చేరబోతోందట. చిన్న చమురు కంపెనీలకి అప్పులిచ్చే బ్యాంకు. అది చేరితే ఆమెకి ఇక తిరుగులేదు. కానీ ముందు పరీక్ష పెడతారు. తాము అప్పిచ్చిన బావుల్లో ముప్పై ఏరి, తమ దగ్గరున్న అసలు కాగితాలతో ఆమె అంకెల్ని పోల్చి చూస్తారు. ఒక్కటి ఘోరంగా తప్పినా ఒప్పందం లేదు. వాళ్లు కాదన్నారంటే మిగతావాళ్లకీ నమ్మకం పోతుంది. అంకెలమ్ముకునేవాళ్లకి నమ్మకం తప్ప ఇంకేముంది అమ్మడానికి?

పిల్లి శాపాలకి ఉట్టి తెగదు. నేనే ఎక్కి తెంపుదామనుకున్నాను.

అప్టన్ కౌంటీ, అంటే మా పక్క జిల్లా, రికార్డులుండే రాంకిన్ కోర్టు హౌసుకెళ్లి తనఖా పత్రాలు తిరగేశాను. ఆ బ్యాంకు అప్పిచ్చిన బావుల్లో ఒకదానికి వర్లీన్ దగ్గర ఇంకా కాగితం లేదని, ఆమెకి కాగితం పంపిన ఒక చర్చి మిత్రుడి కంప్యూటర్లో చూసి తెలుసుకున్నాను. దాని అసలు ఖర్చు డెబ్భై అయిదు లక్షల చుట్టుపక్కల ఉండాలి. మా భోజనాల బల్ల మీద మూడు రోజులు కూర్చుని, దానికి యాభై ఎనిమిది లక్షలకి దొంగ అంచనా రాశాను. ఊరికే అంకె తగ్గిస్తే వర్లీన్ పట్టేస్తుంది. అందుకని ప్రతి వరసా పక్క వరసతో సరిపోయేలా అల్లాను. గొట్టానికి తగ్గ సిమెంటు, సిమెంటుకి తగ్గ రోజులు, రోజులకి తగ్గ రిగ్గు అద్దె. సిగ్గులేకుండా చెబుతున్నాను, నా జీవితంలో అంత శ్రద్ధగా రాసిన కాగితం ఇంకోటి లేదు. లేని కుటుంబం పేరొకటి పెట్టి, ఫోన్ నంబరు గడి ఖాళీగా వదిలేసి, పక్క ఊరు ఒడెస్సా వెళ్లి పోస్టు చేశాను. తిరిగొచ్చేటప్పుడు బండిలో ఈల కూడా వేశాను.

మూడు వారాల తర్వాత శుక్రవారం వర్లీన్ ఫోన్ చేసింది.

"టీగ్ గారూ, ఒక కాగితం మీకు చూపించాలి. రేపు పొద్దున ఓ పావుగంట వచ్చిపోతారా?"

వెళ్లాను. వెళ్లకపోతే అనుమానిస్తుందని కాదు. ఆ గారేజి లోపల ఎలా ఉంటుందో చూడాలని రెండేళ్లుగా చచ్చిపోతున్నాను. మూడు బల్లలు, గోడ నిండా కౌంటీల పటం, మూలన చల్లటి గాలి పోసే పెట్టె. శనివారం కాబట్టి ఆడవాళ్లిద్దరూ లేరు. అంతా శుభ్రంగా ఉంది. ఎక్కడైనా దుమ్ముందేమోనని చూశాను. వెస్ట్ టెక్సాస్‌లో దుమ్ము లేని గదంటే అది కావాలని నన్నేడిపించడానికే.

"కాఫీ నల్లగానేగా?" అని కప్పు ముందు పెట్టి, కాగితం తిప్పి నా వైపు జరిపింది. నాదే.

"సోమవారం బ్యాంకువాళ్లు తేల్చేస్తారు. వాళ్లడిగిన ముప్పైలో ఇదొకటి. మిగతావాటికన్నా చాలా తక్కువ అంకె. అబద్ధమైతే, ఎక్కించానా మునిగిపోతాను. నిజమైతే, ఎక్కించకపోతే దాచానంటారు. మీకున్నంత కన్ను ఈ ఊళ్లో ఎవరికీ లేదు. మీరేమంటే అది చేస్తా."

ఆ మాట వినడానికి నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో! విన్న చోటు చూడండి. పెన్సిలు తీసి, నా కాగితాన్నే నేను మొదటి వరస నుంచి చదివాను, ఎన్నడూ చూడనట్టు. ఆమె నా చేతిలో ఉంది. 'వద్దు' అంటే ఆమె నిలబడుతుంది. ఒక్క నిమిషం మనసు అటు ఊగిందని కూడా చెప్పాలి. అప్పుడు కిటికీలోంచి ఆ తెల్ల పికప్పు కనబడింది.

"బాగానే ఉంది. ఎక్కించు," అన్నాను.

ఆమె తల ఊపింది. కాగితాన్ని తన వైపు లాక్కుంది.

"నేనూ అలాగే అనుకున్నా. ఎంత ముద్దుగా రాశాడో చూడండి, ఒక వరసకొకటి కొక్కెం వేసినట్టు. ఇది బ్రాంట్లీ రస్క్ చెయ్యి. డాలస్ కంపెనీలో కొత్తగా వచ్చిన ఇంజినీరు లేడూ, ఎప్పుడూ లాప్‌టాప్ భుజాన వేసుకుని తిరుగుతాడు? అతనే. మన ఊరి పాతకాపులకి ఇంత పనితనం ఎక్కడిది? సోమవారం పిలిచి, మా అంకెలు సరిచూసే ఉద్యోగం ఇస్తానని చెబుతా."

"బ్రాంట్లీయా?" అన్నాను. "వాడి మొహం! వాడికి బావిలో ఎంత లోతుకి నీళ్లు తగులుతాయో కంప్యూటర్ చెప్పాలి! ఈ సిమెంటు చూడు, గోడలు విరిగిపడే చోటుకని పదిహేను శాతం ఎక్కువేశాను. ఈ రిగ్గు రోజులు చూడు, గాలిదుమారానికని ఒక రోజు వదిలాను. ఆ కుర్రకుంకకి తెలుస్తాయా ఇవి? ఇది రాయడానికి నాకు మూడు రోజులు..."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నవాడి కథ విని నేను బోలెడుసార్లు నవ్వాను. నన్నెవరూ దొంగనలేదు. ఇంకొకణ్ణి మెచ్చుకున్నారంతే. నాకు ఆ మాత్రం చాలింది.

వర్లీన్ పెన్సిలు మొన రెండో పేజీలో ఒక వరస మీద పెట్టింది. 'దారికి ఇనప కమ్మీల పట్టీ, రెండు.' అంటే పశువులు కంచె దాటి రాకుండా దారికి అడ్డంగా పరిచే కమ్మీలు.

"అన్ని కంపెనీలూ దీన్ని దారి ఖర్చులో కలిపేస్తాయి. విడిగా ఒక వరస రాసే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే. పదకొండేళ్లు టైపు చేశా దీన్ని. కవరు విప్పిన రోజే తెలిసింది నాకు."

మా నాన్నకి పశువులుండేవి. ఒక డ్రిల్లింగ్ కంపెనీవాళ్లు గేటు తెరిచి వదిలేస్తే తొమ్మిది ఆవులు రోడ్డెక్కి లారీల కింద పడ్డాయి. అప్పట్నించీ ఆ వరస నా చేతికి అలవాటు. దొంగ కాగితంలో కూడా చెయ్యి దానంతటదే రాసేసింది.

"తెలిసీ ఎందుకు పిలిచావు?"

"వద్దంటారేమో చూద్దామని. అంటారనుకున్నా. మీరు ఎక్కించమన్నారు."

దొరికిపోతే నాకు కోపమొస్తుంది.

"నా ఆలోచన కొట్టేశావు నువ్వు! పక్కపక్కన అన్నది నేను. ఆ కాఫీ బల్ల దగ్గర, అందరి ముందూ!"

"అన్నారు. నేనెప్పుడు కాదన్నాను? అందుకేగా పేరు కూడా అదే పెట్టాను." ఆమె గొంతు పెంచలేదు. "పదకొండేళ్లు రోజూ అన్నారు టీగ్ గారూ. మొదటి అయిదేళ్లు మీరు నిజంగానే చేస్తారనుకున్నా. చేసిననాడు నన్ను టైపుకి పిలుస్తారని ఇంట్లో గార్లండ్‌తో కూడా చెప్పాను. ఎదురుచూశా. మీరు కాఫీ తాగి వెళ్లిపోయేవారు."

నా కప్పులో కాఫీ సగం అలాగే ఉంది. ముట్టుకోబుద్ధి కాలేదు.

"ఊరందరికీ చెబుతావా?"

"పేరెందుకు చెబుతాను? దొంగ కాగితమొకటి వచ్చింది, పట్టుకున్నాం అని బ్యాంకుకి మాత్రం చెప్పాలి. చెప్పకపోతే నాకూ మీకూ తేడా ఏముంది?" అని లేచి తలుపు తీసి పట్టుకుంది. ఇంటి దాకా బండి ఎలా నడిపానో నాకు గుర్తులేదు.

సోమవారం ఆమె అంకెలు బ్యాంకు అంకెలతో రెండు శాతం తేడాలో సరిపోయాయట. కానీ వాళ్లకి అన్నిటికన్నా నచ్చింది అది కాదట. అంత పకడ్బందీగా అల్లిన దొంగ కాగితాన్ని పట్టుకుందే, అది. ఆ ఒక్క సంగతితో మూడేళ్ల చందాకి సంతకం పెట్టేశారు. అంటే ఉట్టి తెంపడానికి నేను వేసిన నిచ్చెన మీదే ఆమె పైకెక్కింది. బ్రాంట్లీ రస్క్‌ని నిజంగానే ఉద్యోగంలోకి తీసుకుంది. నన్ను ఏడిపించడానికన్న మాటే అనుకున్నాను, కాదు.

నేనూ చందా కట్టాను. నెలకి నలభై డాలర్లు, నొవెల్లాకి చెప్పకుండా. ప్రతి సోమవారం కొత్త బావుల జాబితా వస్తుంది. నేను కౌంటీ తర్వాత కౌంటీ, వరస తర్వాత వరస, తప్పు కోసం వెతుకుతాను. పోయిన అక్టోబరులో ఒకటి దొరికింది. ఒక బావికి ఇసుక రెండుసార్లు కూడారు. ఆనందం పట్టలేక వెంటనే ఫోన్ చేశాను. వర్లీన్ అంతా విని, "చాలా థాంక్స్ టీగ్ గారూ, ఇలాంటివి కనిపిస్తే చెబుతూ ఉండండి," అంది. మధ్యాహ్నానికల్లా సరిచేసేశారు.

చందా సంగతి నొవెల్లాకి మొన్న మా బ్యాంకు ఖాతా కాగితాల్లో కనబడింది. నా వెనక నిలబడి, తెర మీద అంకెలూ నా చేతిలో పెన్సిలూ చాలాసేపు చూసింది.

"డెల్, ఆ బ్రాంట్లీకి ఆమె జీతమిచ్చి చేయించుకునే పని ఇదే కదా?"

"అయితే?"

"ఏం లేదు. నువ్వు ఎదురు డబ్బు కట్టి చేస్తున్నావు."

నేను తర్వాతి వరసకి దిగాను. అప్పటికి అప్టన్ కౌంటీ మూడో పేజీలో ఉన్నాను, ఇంకా రెండు పేజీలున్నాయి.